అహ్లోన్‌లో ఆరు పంక్తులు, ఒక అధ్యక్ష పదవి

మా విశాఖలో కాలనీ సంఘం ఎన్నికలైనా సరే, ఎవరు గెలుస్తారో ముందే చెప్పకపోతే నాకు అన్నం సహించదు. పని మీద బర్మాలోని యాంగోన్ వెళ్లినప్పుడు ఒక ఆదివారం ఖాళీ దొరికింది. అహ్లోన్‌ పేటలోని తెలుగు సంఘానికి ఎన్నికలు రాబోతున్నాయనీ, అధ్యక్ష పదవికి ఒక్క వర్గం నుంచే ఆరుగురు పోటీ పడుతున్నారనీ టాక్సీ డ్రైవర్ సూర్రావు చెప్పగానే, పగోడాలు తర్వాత చూడొచ్చులే అనుకున్నాను. సూలే పగోడా దగ్గర పదిన్నరకు బయలుదేరి, స్ట్రాండ్ రోడ్డు మీదుగా పదకొండుకు చేరాం. టాక్సీకి అక్కడి డబ్బులో పన్నెండు వేల చాట్లు అయ్యాయి.

దారిలో "ఎవరిది పైచేయి?" అని అడిగాను.

"ఇంకెవరు, ఊ అప్పన్న గారే. బియ్యం వ్యాపారం, అందరికీ తెలిసినోరు. గెలిస్తే సంఘం సదువుల గదిని గోడౌనుకి ఇచ్చీస్తారట. ఆ గది కోసమే తులసి టీచరు నిలబడింది. పాపం, ఆవిడికెవరున్నారండీ?"

'ఊ' అనేది పెద్దల పేరుకు ముందు చేర్చే బర్మా మర్యాద. తులసి ఆ గదిలోనే ఆదివారాలు తెలుగు చెబుతుంది. అది పోతే తరగతికి మరో చోటు లేదు.

మేం వెళ్లేసరికి సంఘం హాల్లో ఆ వర్గం భోజనాలకు విస్తళ్లు వేస్తున్నారు. ఇక్కడ ఉపన్యాసాలు ఉండవు. నిలబడదలచినవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో పంక్తికి స్వయంగా వడ్డించాలి. నచ్చినవాళ్ల పంక్తిలో జనం కూర్చుంటారు. విస్తరి ముందు కూర్చున్నాక మధ్యలో లేవకూడదు. వర్గం తన అభ్యర్థిని తేల్చేది రెండు వారాల తర్వాతే అయినా, గాలి ఎటు వీస్తోందో పప్పు వడ్డించేలోపే తెలిసిపోతుంది. అతిథినని నాకు గోడవార కుర్చీ వేశారు. అప్పన్న పంక్తి ఐదు నిమిషాల్లో నిండింది. మరో నలుగురివి అంతంతమాత్రం. తులసి ముందు ముగ్గురే. ఆవిడ వడ్డిస్తుంటే పప్పు నేల మీద ఒలికింది. ఎటూ మొగ్గకుండా చూద్దామనే వెళ్లాను గానీ, నాకు బాధేసింది.

అప్పుడు ఒక పెద్దావిడ ఆలస్యంగా వచ్చింది. అప్పన్న భార్య నూకాలమ్మ అని, నా కుర్చీ పక్కనే కూర్చున్న సూర్రావు చెప్పాడు. ఆవిడ భర్త పంక్తి దాటుకుని వెళ్లి, తులసి పంక్తిలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఏటే, నీ సోటు ఇక్కడ!" అన్నాడు అప్పన్న, గరిటె గాల్లో ఆపి.

"నా సోటు ఇదే. అరవయ్యేళ్లకి నా పేరు నాను రాసుకోడం ఆ గదిలోనే నేర్సుకున్నాను. నువ్వు నేర్పినావేటి?"

ఎవరూ నవ్వలేదు. సంఘం పెద్ద గొంతు సవరించుకుని, "అప్పన్నా, ముందున్నది నువ్వే. మరి గది మాటేటి?" అన్నాడు.

అప్పన్న గరిటెను పప్పు బకెట్టులో పెట్టాడు. "గది గదిలాగే ఉంటాది. సాయంత్రం నాను ఇంటికెల్లాలి కదా!"

అప్పుడు నవ్వారు. తులసి మాత్రం కొంగుతో కళ్లొత్తుకుని, నూకాలమ్మ విస్తట్లో ఇంకో గరిటె పప్పు వేసింది.

అధ్యక్షుడు అప్పన్నే అవుతాడని నా జోస్యం, అందులో మార్పు లేదు. కానీ తులసికి కావలసింది కుర్చీ కాదు, గది. ఓడిపోకముందే అది ఆవిడకు దక్కింది. ఎవరు ముందున్నారో చెప్పడంలో నాకున్న గర్వం ఆ మధ్యాహ్నం కాస్త తగ్గింది. మీరూ వెళ్తే ఒక్క జాగ్రత్త: కూర్చునే ముందు అది ఎవరి పంక్తో అడగండి. ఒకసారి కూర్చున్నారా, మజ్జిగ దాకా లేవనివ్వరు.