బోణీ అయ్యాక కనిపించిన టేబుల్

దయ్యాలనే కాదు, చీర మీద రాసిన ధరను కూడా నేను ఎన్నడూ నమ్మలేదు. బాన్సువాడలో మా బట్టల దుకాణం గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. జాతకం చెప్పే ఆయనతో కూడా శని కాలం కొంచెం తగ్గించమని బేరమాడాను. అలాంటివాణ్ణి ఇప్పుడు మిమ్మల్ని నమ్మమని అడగాల్సి వస్తోంది.

నా ఉద్యోగం డేటాబేస్‌లు చూసుకోవడం. పోయినేడు అక్క సొంతంగా పెళ్లి చీరల షాపు పెడుతుంటే కంప్యూటర్ పని నేను తీసుకున్నాను. మూడు కంప్యూటర్లను కలిపి ఒక క్లస్టర్ చేశాను. ఒకటి ఆగినా మిగతావి పని నడిపిస్తాయి. చీరల ధరలన్నీ అందులోనే ఒక టేబుల్‌లో, అంటే పట్టికలో, ఉంటాయి. చీర మీద ధర రాస్తే బేరానికి చోటుండదని, బార్‌కోడ్ మాత్రమే అంటించమని సలహా ఇచ్చిన తెలివిగలవాణ్ణి నేనే.

షాపు మొదటి రోజు. పూజ అయింది, కొబ్బరికాయ కొట్టాం, బిల్లింగ్ తెర చూస్తే ఖాళీ. క్లస్టర్‌లోని టేబుళ్ల పేర్లన్నీ చూపించే కమాండ్ కొట్టాను. అన్నీ వచ్చాయి, చీరల టేబుల్ తప్ప. మూడు కంప్యూటర్ల మీదా విడివిడిగా చూశాను. లేదు. బ్యాకప్‌లోనూ లేదు.

అక్క వాకిలి వైపు చూసి నా భుజం పట్టి కుదిపింది. "జనం వస్తుండ్రు తమ్మీ! ఏ చీర ఎంతకియ్యాలె? మొదటి రోజే నవ్వులపాలైతం."

అంతలో తండా నుంచి ఒక అవ్వ మనవరాలి పెళ్లి చీర కోసం వచ్చింది. కాసేపాగి రమ్మని చెప్పబోయాను. అమ్మ నా వీపు మీద ఒకటి చరిచింది.

"బోణీ బేరాన్ని ఉత్త చేతుల తోలుతవారా? నీ డబ్బా లేనప్పుడు మేం చీరలమ్మలేదా?"

అమ్మ ఆకుపచ్చ చీర విప్పి, తోచిన ధర చెప్పింది. అవ్వ నవ్వింది. "గీ అంచుకు గంతనా? చీరతోని దుకాణం గూడ ఇస్తున్నవా ఏంది?"

నేనూ బేరంలోకి దిగాను. ఇద్దరం కలిసి ఆమె ముందు చిత్తుగా ఓడిపోయాం. అక్క భయం మరిచి పకపకా నవ్వింది. అవ్వ చీర సంచిలో పెట్టుకుని దర్జాగా వెళ్లింది.

టేబుల్ నిజంగానే లేదని అమ్మకు చూపించడానికి అదే కమాండ్ మళ్లీ కొట్టాను. చీరల టేబుల్ ఉంది! ధరలన్నీ ఉన్నాయి. పైగా ఆకుపచ్చ చీర అమ్ముడైనట్టు, అవ్వ తెగ్గొట్టిన ధరతో సహా నమోదై ఉంది. కీబోర్డు నా ముందే ఉంది. ఆ చీరను ఎవరూ స్కాన్ చేయలేదు, బిల్లు కొట్టలేదు.

తర్వాత కంప్యూటర్ తను చేసిన ప్రతి పనినీ రాసుకునే లాగ్‌లన్నీ వెతికాను. ఆ అమ్మకం ఎవరు రాశారో ఎక్కడా లేదు. ఆఫీసులో సీనియర్‌ను అడిగితే, మూడు కంప్యూటర్లూ ఒకదానితో ఒకటి ఆలస్యంగా కలుసుకుని ఉంటాయి, అందుకే టేబుల్ ముందు కనపడలేదన్నాడు. సరే, టేబుల్ వరకు ఒప్పుకుంటాను. మరి అమ్మకం? నువ్వే కొట్టి మరిచిపోయి ఉంటావన్నాడు. అంత తక్కువకు చీర అమ్మి మరిచిపోయే వంశం కాదు మాది.

కారణం ఈ రోజుకీ నాకు తెలియదు. ఆ రోజు మాత్రం పొద్దుగూకేదాకా అక్క షాపులో బేరాల గోలకు మా మాట మాకే వినపడలేదు.