మాచర్ల మేస్త్రీ మీద నేను రాసిన అర్జీ

యుద్ధం మొదలైన ఏడు మా అన్నయ్య గుంటూరులో రెండు గొట్టాల తుపాకి కొన్నాడు. రెంటచింతల అవతల గుట్టల అంచున మాకు జొన్నచేను ఉండేది. కంకి పాలుపోసుకునే వేళకు అడవిపందులు దిగి చేను చేనంతా తొక్కేసేవి. లైసెన్సు కోసం తిరగడం అన్నయ్య వంతు, ఇంగ్లీషు కాగితాలు చదివిపెట్టడం నా వంతు. నేను మిషను బడిలో మాస్టర్ని. మూడేళ్లలోపు ఏ భాగం చెడినా కొట్టువారే ఊరికే బాగుచేసి ఇవ్వాలని గ్యారంటీ కాగితం చదివి చెప్పింది కూడా నేనే.

రెండో ఏడు కుడి గొట్టం మొరాయించింది. మీట నొక్కితే లోపల టక్కుమనేది, తూటా పేలేది కాదు. ఇద్దరం రైలెక్కి గుంటూరు వెళ్లాం. కొట్టు యజమాని కుర్చీలు వేయించి, సోడాలు తెప్పించి, నాతో ఇంగ్లీషులో మాట్లాడాడు. అది నాకు చాలా నచ్చింది. నెల తర్వాత తుపాకి తిరిగొచ్చింది. ఇరవై రోజులు పనిచేసి మళ్లీ మొదటికొచ్చింది.

అవి పంట చేతికొచ్చే రోజులు. గుంటూరు పంపితే ఇంకో నెల పోతుందని అన్నయ్య దాన్ని మాచర్ల తీసుకెళ్లాడు. అక్కడ బజారు చివర రేకుల కొట్లో ఒక మేస్త్రీ సర్కారు లైసెన్సుతో తుపాకులు బాగుచేసేవాడు. వెనకటి యుద్ధంలో పటాలంలో అదే పని చేసిన మనిషి. ఆయన విప్పి, లోపలి స్ప్రింగులు రెండూ అన్నయ్యకు చూపించాడట. ఎడమదాని మీద తుపాకి నంబరు చెక్కి ఉంది. కుడిదాని మీద ఏమీ లేదు. మొదట చెడింది తూటాను కొట్టే సూదేనని, దాన్ని బాగుచేసి, యుద్ధం వల్ల సీమ సామాను రావడం లేదు గనుక నంబరున్న మంచి స్ప్రింగు గుంటూరు కొట్టువారు తీసుకుని, పాతదేదో అరగదీసి ఇరికించారని చెప్పాడు. కొత్తది చేసిపెట్టమంటే ఒప్పుకోలేదు.

"నేను ఏస్తే మీ గ్యారంటీ పోద్దయ్యా. వాళ్ల చేతే ఏయించుకోండి" అని, ఉన్నది ఉన్నట్టు బిగించి ఇచ్చేశాడు.

మళ్లీ గుంటూరు వెళ్లాం. ఈసారి సోడాలు రాలేదు. స్క్రూల మీద గీతలున్నాయి, ఎవరో విప్పారన్నాడు యజమాని. అన్నయ్య మాచర్ల సంగతి దాచకుండా చెప్పాడు. తాము స్ప్రింగు జోలికే పోలేదని, నంబరున్నదాన్ని ఆ మేస్త్రీయే కాజేశాడని యజమాని జాలిపడ్డాడు. బయటివాళ్లు విప్పితే గ్యారంటీ చెల్లదన్న చివరి వరుస నా చేతనే పైకి చదివించాడు.

తిరుగు రైల్లో అన్నయ్య సత్తెనపల్లి దాటాక అడిగాడు: "ఒరేయ్, కాజేసినోడు మళ్లీ ఇప్పి నాకెందుకు చూపిస్తాడ్రా?"

నీకు లోకం తెలియదన్నాను. కుర్చీ వేసి ఇంగ్లీషు మాట్లాడిన మనిషి అబద్ధమాడతాడని, రేకుల కొట్టు మనిషి నిజం చెబుతాడని అనుకోవడానికి నా చదువు ఒప్పుకోలేదు.

ఆ ఆదివారం చర్చిలో పూజ నుంచి వచ్చి, పోలీసు పెద్దదొరకు మంచి ఇంగ్లీషులో అర్జీ రాశాను. తుపాకి నంబరు రెండుసార్లు వేసి కింద గీత కూడా గీశాను. అన్నయ్య వద్దంటూనే ఉన్నాడు. నాలుగు నెలలకు మేస్త్రీ లైసెన్సు రద్దయిందని తెలిసింది. నలుగురికి మంచి చేశాననుకున్నాను.

యుద్ధం ముగిశాక ఒకరోజు అన్నయ్యకు తెలిసిన గురజాల రైతు ఒక ఉత్తరం చదివించుకోవడానికి వచ్చాడు. ఆయనదీ ఆ కొట్లో కొన్న తుపాకే. అక్కడ రెండుసార్లు బాగుచేయించి, విసిగి, చివరకు మద్రాసులో కంపెనీ ఏజెంట్లకు పంపుకున్నాడు. వాళ్లు గడువు దాటిందని కూడా చూడకుండా ఊరికే బాగుచేశారు. లోపల దొరికిన స్ప్రింగు వేరే తుపాకిదని, ఆ తుపాకి గలవారికి చేర్చమని, దాన్ని గుడ్డలో చుట్టి పంపారు. దాని నంబరు ఉత్తరంలో రాశారు.

నంబరు సగం చదివి ఆగిపోయాను. మిగతా సగం నాకు కంఠతా వచ్చు.

తుపాకి మాచర్లలో ఎప్పుడైనా విప్పించారా అని అడిగాను.

"మాచర్ల ఎందుకు పోతానండీ? గుంటూరు కొట్టు తప్ప నేను ఇంకోటి ఎరగను" అన్నాడు.

మర్నాడు బడికి సెలవు పెట్టి మాచర్ల వెళ్లాను. మేస్త్రీ తాళంచెవులు అరగదీస్తూ కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి. అంత అర్జీ రాసిన నేను ఆయన ముఖం చూడటం అదే మొదలు. నేనెవరో చెప్పి, రైతు ఇచ్చివెళ్లిన స్ప్రింగు ఆయన చేతిలో పెట్టి, జరిగిందంతా చెప్పాను. ఆయన దాన్ని వేళ్ల మధ్య నొక్కి చూసి, వెలుతురుకు పెట్టి నంబరు చదువుకున్నాడు.

"ఒక్కసారి వచ్చి నన్నడిగుంటే సరిపోయేది గదా మాస్టారూ" అన్నాడు. కోపంగా అనలేదు. కోప్పడితే బాగుండుననిపించింది.

మళ్లీ అర్జీ రాశాను, ఈసారి నా తప్పు ఒప్పుకుంటూ. మూడుసార్లు రాశాక ఒక జవాబు వచ్చింది: ఆ వ్యవహారం ఎప్పుడో ముగిసిపోయిందని. అది తీసుకెళ్లి ఆయనకు తెలుగులో చదివి వినిపించాను. పోన్లెండి అన్నాడు.

ఆ స్ప్రింగు ఆయన చేతే వేయించాలని అన్నయ్య రెండుసార్లు తుపాకి పట్టుకుని వెళ్లాడు. లైసెన్సు లేకుండా తుపాకి ముట్టుకోనన్నాడు మేస్త్రీ. వేరే ఎవరికీ ఇవ్వడానికి అన్నయ్యకు మనసొప్పలేదు. మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆ తుపాకి ఒక గొట్టంతోనే పేలింది.