జూలై ఒకటిన పుట్టిన పైడిరాజులు

2023లో నేను గుర్‌గావ్‌లో ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ రాసిచ్చే కంపెనీలో డేటాబేస్ పని చూసేదాన్ని. ఢిల్లీలోని ఒక గుండె ఆసుపత్రి మా క్లయింట్. ఆపరేషన్ కోసం ఎదురుచూసేవాళ్ల జాబితా రోజూ మా క్వెరీ నుంచే వెళ్లేది. క్వెరీ అంటే డేటాబేస్‌ను మనం అడిగే ప్రశ్న.

అడగడం తేలికే, వచ్చిన జవాబును శుభ్రం చేయడమే కష్టం. ఒకే రోగి వేరువేరు కౌంటర్లలో కొత్త కొత్త నంబర్లతో నమోదై, జాబితాలో మళ్లీ మళ్లీ కనిపిస్తాడు. అందుకని నా సహోద్యోగి నేహా పేరు, పుట్టిన తేదీ, సొంత ఊరు మూడూ కలిసిన వరుసలను ఒక్కటిగా చేసేది. దీన్ని గ్రూప్ బై అంటాం. వాటిలో అన్నిటికంటే పాత నమోదు తేదీని ఉంచి, ఆ తేదీల వరుసలో జాబితాను పేర్చేది. ఇది ఆర్డర్ బై. ముందొచ్చినవాళ్లు పైన ఉంటారు. నేహాది లక్నో, ఆమె పనికి వంక పెట్టడం కష్టం.

ఒకరోజు వేరే పని మీద ఆసుపత్రికి వెళితే రిసెప్షన్ అమ్మాయి నన్ను పట్టుకుంది.

"మేడమ్, ఆప్ తెలుగు హై నా? ఆంటీ కో సమ్‌ఝాయియే, అంకుల్ కా ఆపరేషన్ హో గయా." అంకుల్‌కు ఆపరేషన్ అయిపోయిందని ఆంటీకి నన్ను నచ్చజెప్పమంటోంది.

ఆ ఆంటీది విజయనగరం వైపు ఊరు, కాపురం ఢిల్లీలోనే, జనక్‌పురిలో. మిలట్రీలో రిటైరైన భర్త పైడిరాజు గారు బెంచీ మీద కూర్చుని ఆయాసపడుతున్నారు.

"ఆపరేషన్ అయిపోనాదని సెప్తన్నారమ్మా. మరి ఈయన గుండెల మీద కోతేదీ?" అందామె.

నవ్వొచ్చింది గానీ, ఆయన ముఖం చూడగానే ఆగిపోయింది. వాల్వు మార్చాలి, ఆలస్యం చేయొద్దని డాక్టరు చెప్పి చాలా రోజులైందట. స్క్రీన్ మీద చూస్తే పైడిరాజు, జూలై ఒకటి, ఊరి పేరు, పక్కన 'ఆపరేషన్ పూర్తి' అని ఉంది.

"మీ ఊళ్లో ఇంకో పైడిరాజు ఉన్నారా ఆంటీ?"

"ఈదికొకడున్నాడమ్మా, అమ్మోరి పేరు గదా! ఈయన జతగాడు పైడిరాజుకి మొన్న ఇక్కడే ఆపరేషనైనాది. ఇద్దరూ ఒక్క బళ్లోనే, ఒక్క తరగతే సదివి, ఒక్కపాలే మిలట్రీకొచ్చీసినారు."

"పుట్టినరోజు కూడా ఒకటేనా?"

"ఆ బళ్లో అందరిదీ ఒకటే. మేస్టారే రాసీసినారు."

అప్పుడర్థమైంది. మా నాన్నగారి సర్టిఫికెట్లోనూ జూలై ఒకటే ఉంది. ఆ తరం పిల్లలకు హెడ్మాస్టరు గారు బళ్లో వేసుకునే వయసు చూసుకుని వెనక్కి లెక్కగట్టి తేదీ వేసేసేవారు, ఒకేసారి చేరినవాళ్లకు సంవత్సరమూ ఒకటే. ఇంటిపేరైనా ఇద్దర్నీ విడదీయాల్సింది. కానీ ఢిల్లీ కౌంటర్లో 'పైడి' ఫస్ట్ నేమ్ గడిలో, 'రాజు' లాస్ట్ నేమ్ గడిలో కూర్చున్నాక ఇంటిపేరుకు చోటేదీ?

నేహాకు ఫోన్ చేస్తే "ఇద్దరు వేరే మనుషులా? ఇంపాజిబుల్ యార్!" అంది. మా వైపు మామూలేనన్నాను. ఇద్దరం రికార్డులు విప్పి చూశాం. ముందు నమోదైంది ఈయన, జతగాడు వచ్చింది నెలల తర్వాత. ఇద్దరినీ కలిపేసరికి ఈయన పాత తేదీ, జతగాడి కొత్త ఫోన్ నంబరు మిగిలాయి, ఈయన వంతులో ఆయనను పిలిచారు. ఆపరేషన్ కాగానే ఆ వరుస జాబితాలోంచి పోయింది, దాంతోపాటే ఈయనా పోయారు. నాకు నిజంగా భయం వేసింది. ఈ ఆంటీ నోరున్న మనిషి కాకపోతే ఏమయ్యేదో!

సూపరింటెండెంట్‌కు చెప్పాం. ఆ వారంలోనే మొదటి ఆపరేషన్ ఈయనకు పెట్టారు. క్వెరీనీ మార్చాం. అనుమానం వచ్చిన వరుసలను కలపకుండా పక్కపక్కన చూపిస్తుంది, ఆసుపత్రివాళ్లు ఫోన్ చేసి కనుక్కుంటారు. ఇదంతా అదనపు పని అని నేహా సణిగింది, సణుగుతూనే చేసింది.

ఆపరేషన్ రోజున వెళితే థియేటర్ బయట రెండో పైడిరాజు గారున్నారు, ఛాతీకి బెల్టుతో.

"ఆడి వంతు నాను తినీసినానమ్మా. ఆడు బయటికొచ్చీదాకా కదల్ను," అన్నారు.

రెండు వరుసలు అచ్చం ఒకేలా ఉంటే మనిషి ఒకడేనని కాదు, మనం అడిగిన వివరాలు చాలలేదని అర్థం. ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్న వాటిలో ఇదే పెద్దది.

చెకప్‌కు వచ్చినప్పుడు ఆంటీ నన్ను చూసి భర్తను కౌంటర్ దగ్గరకు లాక్కొచ్చింది. ఆయన సిగ్గుపడుతున్నా వినకుండా చొక్కా పై గుండీ విప్పి కోత చూపించింది.

"ఇప్పుడు రాసుకోమ్మా, అయిపోనాదని."