దేవుడి గదిలో ఉండిపోయిన దస్తావేజు

ఆ పంపకాల దస్తావేజు ఎక్కడికీ పోలేదు. వాయిదా రోజున అది మా ఇంట్లో దేవుడి గదిలో, పటం కింద, నాలుగు మూలలా పసుపు పూయించుకుని హాయిగా ఉంది. ఈ ఒక్క ముక్క నేను నాలుగేళ్ళపాటు ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడం వల్ల ఒక జడ్జిగారు ఏ దేవుడికి దండం పెట్టుకుంటారో తేల్చే పనిలో మా కోనసీమలో చాలామంది పడ్డారు. దానివల్ల ఆవిడ పేరు ఎంత చెడిందో కళ్ళారా చూస్తూ కూడా నోరు మెదపలేదు.

నేను ప్లీడరు గుమాస్తాని. ఫైళ్ళు సర్దడం, నకళ్ళు తీయించడం, వాయిదా ఎప్పుడో క్లయింట్లకు ఫోన్ చేసి చెప్పడం నా పని. ఇవి అందరు గుమాస్తాలూ చేస్తారు. నాకు మాత్రం ఇంకో విద్య వచ్చని పేరుండేది. ఏ జడ్జిగారు ఏ దేవుణ్ణి కొలుస్తారో, దాన్నిబట్టి మనం ఎలా మసలుకోవాలో చెప్పేవాణ్ణి. శనివారం ఒంటిపూట తినే జడ్జిగారి దగ్గర శుక్రవారమే వాదన ముగించుకోవాలి. మాల వేసుకున్న జడ్జిగారి ముందుకు సెంటు కొట్టుకుని వెళ్ళకూడదు. కొత్త దావా రాహుకాలంలో వేయకూడదు, కాగితాలకు పసుపు రాయకుండా అసలే వేయకూడదు. ఇవేవీ చట్టంలో లేవు. మా ప్లీడరుగారు నవ్వేవారు గాని ఆపేవారు కాదు. క్లయింట్లు ఆయన చట్టం కన్నా నా పంచాంగాన్నే ఎక్కువ నమ్మేవారు మరి.

అలాంటి నా మీదకి, మా కోర్టుకి కొత్త జడ్జిగా ఆవిడ వచ్చారు. నుదుట బొట్టు లేదు. మెడలో ఏముందో నల్లకోటు మూలాన కనబడదు. పేరు చూద్దామంటే ఏ మతానికైనా సరిపోయే పేరు. వచ్చిన వారంలోనే చాంబర్లో గోడకున్న దేవుడి బొమ్మ క్యాలెండరు తీయించారు. హమ్మయ్య, తేలిపోయిందనుకున్నాను. డిసెంబరులో ఎవరో క్రిస్మస్ కేకు పంపితే వెనక్కి పంపేశారు. తేలింది కాస్తా మునిగింది. ఆత్రేయపురం పూతరేకులు పట్టుకెళ్ళిన పెద్దమనిషి కూడా డబ్బాతో సహా తిరిగొచ్చాడు. చివరికి కోర్టు బంట్రోతుని పట్టుకున్నాను.

"క్యాలెండరు ఎందుకు తీయించేరయ్యా?"

"ఆ బొమ్మ కింద కొబ్బరికాయల వ్యాపారి పేరుందండి. ఆయన దావా ఈ కోర్టులోనే నడుస్తోందండి. అదండి సంగతి, ఆయ్."

"మరి దేవుడు?"

"దేవుడి మీద దావా ఏదీ లేదు కదండీ."

ఈ సమాధానం నాకు బొత్తిగా నచ్చలేదు. నా విద్యకి అందులో చోటు లేదు.

ఆ రోజుల్లోనే మా దగ్గరికి ఒక కొబ్బరి రైతు దావా వచ్చింది. ఆయన తోటలోంచి కాయలు ట్రాక్టరు మీద రోడ్డెక్కాలంటే ఒక సందులోంచి రావాలి. ఆ సందు పక్కనే క్రైస్తవుల ప్రార్థన మందిరం ఉంది. మందిరం వాళ్ళు ప్రహరీ కట్టుకుంటామని సందుకి అడ్డంగా పునాది తీశారు. మందిరం సంఘానికి పెద్ద ఒక రిటైరైన మాస్టారు. చిన్నప్పుడు నాకు లెక్కలు చెప్పిన మాస్టారే. రైతూ ఆయనా పక్కపక్క వాళ్ళు, ఒకరి శుభకార్యానికి ఒకరు వెళ్ళేవాళ్ళు. సందు ఎవరిదన్న దగ్గర మాత్రం పట్టుదలకి పోయారు. రైతుకున్న బలమంతా ఒక్కటే, వాళ్ళ తాతగారి నాటి పంపకాల దస్తావేజు. ట్రాక్టరు దారి అందులో స్పష్టంగా రాసి ఉంది. అసలు ప్రతిని రైతు తెచ్చి నా చేతికిచ్చాడు.

"జాగర్తయ్యా గుమాస్తా, ఇది పోతే నా తోట దీవి అయిపోద్ది" అన్నాడు.

అదే జాగ్రత్తతో దాన్ని దేవుడి గదిలో పెట్టాను. మొదటి వాయిదాకి మూఢం ఉంది. రెండోదానికి మంచిరోజే గాని రైతు నక్షత్రానికి పడలేదు. రెండుసార్లూ ప్లీడరుగారితో "రైతు కాగితం ఇంకా తేలేదండి" అన్నాను, ఆయన జడ్జిగారితో అదే అన్నారు. మూడోది అష్టమి నాడు పడింది. వాయిదా అడిగితే ఇవ్వని జడ్జిని నేను అప్పటికి చూడలేదు. ఆ ధైర్యంతో రైతుని కూడా కోర్టుకి రానివ్వకుండా, మురమళ్ళ వెళ్ళి వీరేశ్వరస్వామి దర్శనం చేసుకు రమ్మన్నాను. పెళ్ళికాని వాళ్ళు కల్యాణం చేయించుకునే ఆ గుడికి అరవై ఏళ్ళ మనిషిని దావా గెలవడానికి పంపిన ఘనత నాదే. "ఈ వయసులో ఇంకో పెళ్ళేంటండీ" అని వాళ్ళావిడ బస్టాండు దాకా దెప్పుతూనే వచ్చిందట.

కోర్టులో జడ్జిగారు ఫైలు తిరగేసి తలెత్తారు.

"దస్తావేజు ఏదండీ?"

"క్లయింటు తీసుకురాలేదండి. ఒక్క వాయిదా ఇప్పించండి" అన్నారు మా ప్లీడరుగారు.

"రెండు ఇచ్చాను. క్లయింటు వచ్చారా?"

ప్లీడరుగారు నావైపు చూశారు. ఒంట్లో బాగాలేదని సైగ చేశాను. జడ్జిగారు సాక్ష్యం ముగిసిందని రాసుకున్నారు. మరో పదిహేను రోజులకి, దారి ఉన్నట్టు రుజువు లేదని దావా కొట్టేశారు.

తీర్పు విని రైతు వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడిపోయాడు. "కాగితం ఉండగా ఎలా పోయిందయ్యా?" అన్నాడు. నిజం చెప్పడానికి నాకు అంతకన్నా మంచి సమయం మళ్ళీ రాలేదు. నేను అబద్ధమూ చెప్పలేదు. ఒక ప్రశ్న వేశానంతే.

"ఆవిడ నుదుటి మీద బొట్టు చూసేరా అండీ?"

రైతు స్తంభం వదిలి ముందుకొచ్చి "ఓహో" అన్నాడు. ఆ ఓహో సాయంత్రానికి టీ బడ్డీకి, మర్నాటికి వాట్సాప్‌కి చేరింది. మూడోనాడు అది నా ఫోన్‌కే తిరిగొచ్చింది. అప్పటికి బాగా ఒళ్ళు చేసింది. ఆవిడ బెంచి ఎక్కేముందు మోకాళ్ళ మీద ప్రార్థన చేస్తారట, క్యాలెండరు విసిరికొట్టారట. "నిజమేనా గురువుగారూ?" అని కింద ఎవరో నన్నే అడిగారు. దండం పెడుతున్న చేతుల బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నాను. క్యాలెండరు సంగతి నాకు తెలుసు. కేకు, పూతరేకులు కూడా తెలుసు. తెలిసినవన్నీ పక్కన పెట్టి, తెలియనిది ఒక్కటే ఊరికి పంచాను.

అంతకుముందున్న జడ్జిగారు నుదుట విభూతి పెట్టుకునే బెంచి ఎక్కేవారు. ఆయన దగ్గర ఇదే మందిరం వాళ్ళు ఒక దావా ఓడిపోయారు. అప్పుడు మాస్టారు మెట్లు దిగుతూ "మా కాగితాలు సరిగా లేవురా" అన్నారు, అంతే. ఆయనకి నా విద్య రాదు.

రైతూ, ఆయన తరఫున మరో పదిమందీ సంతకాలు పెట్టి ఆవిడ మీద పైకి ఫిర్యాదు పంపారు. విచారణకి ఒక పెద్ద అధికారి వచ్చారు. నన్నూ పిలిచారు.

"కోర్టు పనిలో జడ్జిగారు మతాన్ని కలపడం మీరు ఎప్పుడైనా చూశారా?"

"లేదండి."

"ఇంకెవరైనా కలపడం చూశారా?"

పసుపు రాసిన ఫైళ్ళన్నీ వరసగా కళ్ళముందు తిరిగాయి. ఆ కోర్టులో ఆ పని చేసినవాడు ఒక్కడే ఉన్నాడు, ఆయన ఎదురుగా కుర్చీ అంచున కూర్చుని.

"తెలీదండి" అన్నాను.

ఫిర్యాదులో పస లేదని కొట్టేశారు. కానీ అది తేలేలోగా ఆ ఏడాది పదోన్నతుల జాబితా ఆవిడ పేరు లేకుండానే వెళ్ళిపోయిందని బంట్రోతు చెప్పాడు. తరవాత బదిలీ అయింది. ఫిర్యాదు పోయింది గాని ఓహో మాత్రం పోలేదు. ఆవిడ మాట వస్తే "ఎవరూ, ఆ ప్రార్థన జడ్జిగారా?" అనడం అలవాటైపోయింది.

సందు గొడవ మాత్రం కోర్టు లేకుండానే తీరింది. గోడ కడుతూ మాస్టారే ట్రాక్టరు పట్టేంత గేటు పెట్టించారు. "కాయలు నెత్తిన మోసుకెళ్ళమంటామా ఏంటండీ?" అన్నారట రైతుతో. "దారి ఉందని కాగితం ఉంటే మాకైనా చూపించొచ్చు కదండీ." రైతు ఆ మాట నాతో చెప్పి నా మొహంలోకి చూశాడు. నేను ఫోన్ మోగినట్టు నటించి బయటికి వెళ్ళాను.

ఈ ఏడాది ఉప్పలగుప్తం వైపు ఒక ఊరి స్కూల్లో న్యాయ విజ్ఞాన సదస్సు పెట్టారు. ఆలస్యంగానైనా పెద్ద జడ్జి అయి ఆవిడే వచ్చారు. కుర్చీలు నిండాయి. మాస్టారు ముందు వరసలో, రైతు మూడో వరసలో ఉన్నారు. నేను వెనకాల ఉన్నాను. నా పక్కనున్న రొయ్యల రైతు మోచేత్తో పొడిచాడు.

"ఈవిడేనటగా, మతం చూసి తీర్పు చెప్పేవారు? మీ ప్లీడరుగారి కేసేనటగా?"

ఆవిడ అప్పుడే మాట్లాడటం ముగించి, ఎవరికైనా సందేహాలుంటే అడగమన్నారు. నేను లేచాను. లేవాలని ఇంటి దగ్గర అనుకుని రాలేదు. ఎవరో మైకు తెచ్చి చేతిలో పెట్టారు.

"సందేహం కాదండి. చెప్పవలసింది ఒకటుందండి" అన్నాను.

మొత్తం చెప్పాను. మూఢం, అష్టమి, దేవుడి గది, ఒంట్లో బాగాలేదన్న సైగ, బొట్టు ప్రశ్న. మొదట్లో జనం నవ్వారు. బొట్టు దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగింది.

"మీ క్లయింటు ఇక్కడ ఉన్నారా?" అన్నారు ఆవిడ చివర్లో.

"ఆయ్, మూడో వరసలో ఉన్నారండి."

"ఆయనకి ఇది ఎప్పుడైనా చెప్పారా?"

"లేదండి."

"దావా పోగొట్టుకున్నది ఆయన. ముందు ఆయనకి చెప్పుకోండి. నేనిక్కడే కూర్చుంటాను."

రైతు అప్పటికే కుర్చీలో వెనక్కి తిరిగి నన్ను చూస్తున్నాడు. క్షమించమన్నాను. ఆయన భుజం మీది తువ్వాలు తీసి మళ్ళీ వేసుకున్నాడు.

"నీకు పడాల్సిన తిట్లన్నీ నాలుగేళ్ళు ఆవిడకి వేసేనయ్యా. ఇప్పుడు వాటిని వెనక్కి ఎలా తీసుకోమంటావు? ఫిర్యాదు మీద సంతకం కూడా పెట్టేను కదా!"

మైకు రెండు చేతులతో పట్టుకుని జడ్జిగారి వైపు తిరిగాను.

"మేడమ్ గారూ, ఆ రోజు మీరు కాగితం అడిగేరు. అది నా దగ్గరుంది. మీరు ఏ మతమో నాకు అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదండి. తెలిసినట్టు మాట్లాడేను. విచారణకి వచ్చినాయన అడిగితే దాచేను. తప్పు మీది కాదు, నాది. నన్ను క్షమించండి."