నా నెత్తురుల సిపాయిలు

సహోదరులారా, సహోదరీలారా, నా బిడ్డ కరుణ ఇంకా పాలు తాగుతుండంగనే దాన్ని నా ఒళ్లకెళ్లి తీసుకున్నరు, తల్లికి దయ్యం పట్టింది, బిడ్డకు గూడ అంటుకుంటదని! నేను నస్పూర్ బొగ్గుబాయి కాలనీల బట్టలు కుట్టే రత్నమ్మను, మీలో సగం మంది అక్కల జాకెట్లు నేనే కుట్టిన, కాబట్టి నన్ను చూసి భయపడకుండ్రి, జర ఓపికతోని వినుండ్రి.

మొదలు ఒక కన్ను మసకైంది, అది బాగయితుందనంగ కాళ్లు తిమ్మిరెక్కినయి, మిషన్ తొక్కుదామంటే పాదం నా మాట వినకపోయింది. మా అత్తమ్మ నన్ను కన్నబిడ్డ లెక్కనే చూసుకునేది, అబద్ధమెందుకు చెప్పాలె. మా ఇంటాయన బాయిల పనిచేస్తడు, అసొంటోళ్ల ఇండ్లల్ల బొగ్గుకు కరువుండదు గదా, పొద్దుగాల ముట్టించిన పొయ్యి పొద్దుమీకే దాక ఆరదు, అందుకే మా కాలనీల ఏ నొప్పికైనా ఒకటే మందు, గంగాళం నిండ సలసల కాగే నీళ్లు. అత్తమ్మ రోజూ నాకు గా నీళ్లే పోసింది, ఇటుక కాల్చి కాపడం పెట్టింది. నీళ్లు పోసినప్పుడల్ల కాళ్లు చచ్చుబడేటియి, కన్ను మళ్ల మసకయ్యేది. గది చూసి వాడకట్టోళ్లు, లోపలున్నది వేడికి ఓర్వలేక తన్నుకుంటుంది, గిది దయ్యమే అన్నరు. అత్తమ్మ భయపడి కరుణను లక్సెట్టిపేటల ఉన్న మా ఆడబిడ్డ ఇంట్ల ఉంచి వచ్చింది.

నేను ఏడ్చిన, ఏడ్చుకుంటనే ఆలోచన చేసిన. చలిపొద్దుల కాలు ఎందుకు కదులుతుంది, నీళ్లు పోసుకున్నంక ఎందుకు పడిపోతుంది, దయ్యానికి చలేంది, వేడేంది? మంచంల పండుకొని, "ప్రభువా, నన్ను చేసినోడివి నువ్వు, నా లోపల ఏమైతుందో నీకెరికే, నాకు గూడ జర చూపెట్టు, చూపెట్టినంక బతికించినా సరే, తీసుకపోయినా సరే, కానీ నా బిడ్డను ఒక్కసారి ఎత్తుకోనియ్యి" అని మొత్తుకున్న.

దేవుడు విన్నడు. మా సంఘం పాస్టరయ్యగారు పట్టుబట్టి నన్నూ అత్తమ్మనూ హైదరాబాద్ రైలెక్కించిండు. అక్కడ నరాల డాక్టర్ తల ఫోటో తీపిచ్చి, వెన్నులకెళ్లి నీళ్లు తీసి చూసి, గిది మల్టిపుల్ స్క్లీరోసిస్ అన్నడు, ఆ పేరుకు నా నోరు తిరగలే. కరెంటు తీగ మీద తొడుగున్నట్టు నరాల మీద ఒక పొర ఉంటదట, రోగాలతోని కొట్లాడనీకి దేవుడు నెత్తురుల పెట్టిన టి-కణాలనే సిపాయిలు దారితప్పి ఆ పొరనే కొరుకుతయట. పొర పోయిన నరం వేడి తగిలితే ఇంకింత సతాయిస్తదట. అంటే నీళ్లు పోసినప్పుడు తన్నుకున్నది దయ్యం కాదు సహోదరులారా! అత్తమ్మ నా పక్కనే కూసోని అంత విన్నది.

నేనూరుకుంటనా? సారూ, దారితప్పినోళ్లను పట్టుకోరాదా అని అడిగిన. ఆయన నవ్వి, బయటి దేశాలల్ల గదే చేసి చూస్తున్నరమ్మా అన్నడు. రోగి నెత్తురులకెళ్లి ఆ కణాలను ఏరి, పెంచి, కిరణాలతోని వాటి బలం తీసి, మళ్ల అదే మనిషికి టీకా లెక్క ఇస్తరట. దొంగను పట్టి చేతులు కట్టి వాడకట్టంత తిప్పితే అందరు మొఖం గుర్తుపట్టినట్టు, ఒళ్లు వాటిని గుర్తుపట్టి, లోపల మిగిలినోళ్లను అణుస్తదని వాళ్ల ఆలోచన. పనిచేస్తదా అంటే, ఇంకా తెల్వదు, కొద్దిమందికే ఇచ్చి చూస్తున్నరు, మన దగ్గర లేదు అన్నడు. నాకైతే రోగం మర్చిపోయి ముచ్చటేసింది! ఎంత వింత చేసినవు ప్రభువా, కొరికేది నాదే, దాన్ని ఆపేది గూడ నా ఒంట్లనే పెట్టినవా అని డాక్టర్ ముందల కూసున్న బల్ల మీదనే స్తోత్రం చేసిన.

ఆ టీకా నాకు దొరకలే, ఇయ్యాల్టికి దొరకలే. సెలైన్ల మందు ఎక్కించిండ్రు, వేడినీళ్లు బంద్ చేయమన్నరు, మెల్లగ కాలు కదిలింది, ఇప్పుడు కర్ర పట్టుకొని నడుస్తున్న. రోగం పోలే, మళ్ల తిరగబెట్టొచ్చని డాక్టర్ చెప్పిండు, మీ దగ్గర దాచుడెందుకు. కానీ మంచిర్యాలల రైలు దిగి నన్ను మా ఇంటాయనకు అప్పజెప్పంగనే అత్తమ్మ ఇంటికి రాలే, సీదా లక్సెట్టిపేట బస్సెక్కింది. పొద్దుమీకి కరుణను చంకనేసుకొని వచ్చి నా ఒళ్ల కూసోబెట్టి, "బిడ్డా, నీ లోపల ఏం లేదు, నా లోపలనే భయముండె, నీ పొల్లను నువ్వు పట్టుకో" అన్నది. కరుణ నన్ను గుర్తుపట్టలే, ఏడ్చింది, జరసేపైనంక నా మెడ పట్టుకున్నది. అదే నాకు విడుదల, దేవునికే మహిమ!

ప్రియులారా, మన దేవునికి ప్రశ్నలంటే కోపం లేదు, ఆయనను నమ్మి అడుగుండ్రి, డాక్టర్‌ను గూడ అడుగుండ్రి. మీ ఇండ్లల్ల ఎవరినన్న రోగమని, దయ్యమని దూరం కూసోబెట్టి ఉంటే, ఆరాధన అయినంక సీదా ఇంటికి పోయి, వాళ్ల పక్కపొంటి కూసోని అన్నం తినుండ్రి.