పైపులైను వేయించబోయి కాలు విరగ్గొట్టుకున్నాను

ఈ కాలికి కట్టేంటని వచ్చినవాళ్ళందరూ అడుగుతున్నారు. కూర్చోండి, టీ తాగుతూ వినండి. బండి మీంచి పడలేదు. నేను తవ్వించిన గోతిలో నేనే పడ్డాను.

అద్దంకి అవతల చిన్న ఊరు మాది. దానికి నేను సర్పంచ్‌ని. మా పడమటి వీధిలో మంచినీళ్ళ పైపు మురుగు కాలవ పక్కనుంచే పోతుంది. అదెక్కడో చిట్లి కుళాయిల్లో మురికి నీళ్ళు రావడం మొదలైంది. వాంతులు, విరేచనాలతో వీధిలో సగం ఇళ్ళు మంచం పట్టాయి. అసలే మిరపకోతల రోజులు, కూలికి పోకపోతే గడవదు. మా ఎదురింటి రహీమున్నీసా మనవరాలికైతే సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. ఆ పసిదాన్ని ఆస్పత్రిలో చూసొచ్చాక నాకు అన్నం సహించలేదు.

సరిగ్గా అప్పుడే పంచాయతీ ఖాతాలో కేంద్రం నిధులు పడ్డాయి. సెక్రటరీ కుర్రాడు ఇంటికొచ్చి ఫోన్లో చూపించాడు. అనుమతులొచ్చాక మొదలుపెడదాం మేడమ్ అన్నాడు పాపం. నేను వింటేనా? మర్నాడు పొద్దున్నే మైకులో చెప్పించి, జేసీబీ మస్తాన్‌ని పిలిపించి, వీధి పొడుగునా తవ్వించేశాను. పాత పైపు కోయించేశాను కూడా. జనం చప్పట్లు కొట్టారు.

మధ్యాహ్నానికి సెక్రటరీ మొహం వేలాడేసుకుని మళ్ళీ వచ్చాడు. వీధి లైట్లకీ, వాటర్ ట్యాంకు మోటారుకీ ఉన్న పాత కరెంటు బకాయి కింద రాష్ట్రం ఆ నిధులన్నీ సర్దేసుకుందట. మాకు ఒక్క మాట చెప్పలేదు. ఖాతా ఖాళీ అని తెలిసి, నేను కొత్త పైపులు పురమాయించిన కొట్టువాడు లోడుని దారిలోంచే వెనక్కి తిప్పించాడు. నిన్నటిదాకా మురికి నీళ్ళయినా వచ్చేవి. ఇప్పుడు అవీ లేవు. ఆడవాళ్ళు బిందెలతో పొలాల్లో బోర్ల దగ్గరికి నడవడం మొదలుపెట్టారు.

మర్నాడు ఒంగోలు వెళ్ళాను. అక్కడి పెద్దాఫీసరు మర్యాదగానే కూర్చోబెట్టాడు. తర్వాతి విడత ఏదని అడిగితే, కేంద్రం ఇవ్వలేదని రాష్ట్రం అంటోందట, రాష్ట్రం లెక్కలు పంపలేదని కేంద్రం అంటోందట. మధ్యలో జిల్లాకి రావాల్సినవి కూడా ఆగిపోయాయట.

“మీ ఊరొకటే కాదమ్మా,” అన్నాడు. “మా జీపుకే డీజిల్ లేదు. నేనూ ఆటోలోనే వస్తున్నా.”

ఆయన్ని ఇంకేం అడుగుతాను?

తిరిగొచ్చేసరికి మసక చీకటి పడింది. లైట్ల బకాయి కింద అంత సొమ్ము పోయిందా, మా వీధిలో ఒక్క లైటూ వెలగట్లేదు. ఆఫీసరుకి ఏం చెప్పాల్సిందో అప్పుడు గుర్తొచ్చి, మనసులోనే ఆయనతో గట్టిగా వాదిస్తూ నడుస్తున్నాను. కాలి కింద నేల లేదు.

నా కేక విని రహీమున్నీసా, ఆమె కోడలు వచ్చి పైకి లాగారు. రహీమున్నీసా నా చీరకంటిన బురద దులుపుతూ, “ఇంకెవరైనా తవ్వించుంటే ఈపాటికి నాలుగు తిట్టుండేదాన్ని. నువ్వే పడ్డావు, ఇంకేమంటాను?” అంది. తిట్టినా బాగుండేది.

ఆస్పత్రిలో డాక్టరు ఎలా పడ్డారని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన, “అభివృద్ధి పనులు పరిశీలిస్తూ అండి,” అన్నాడు. నర్సు నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయింది.

నేనిలా మంచాన పడి ఉండగా జనం అవస్థ చూడలేక మస్తానే పాత పైపు అతికించి, గొయ్యి పూడ్చేశాడు. చిట్లిన చోటు ఎక్కడో అతనికీ దొరకలేదు. కుళాయిల్లో మళ్ళీ ఆ మురికి నీళ్ళే వచ్చాయి. అందరూ కాచుకుని తాగుతున్నారు.

ఆ సాయంత్రం వీధిలో ఆడవాళ్ళంతా అరటిపళ్ళు పట్టుకుని నన్ను చూడ్డానికొచ్చారు. నీ పుణ్యమా అని నీళ్ళొచ్చాయమ్మా అన్నారు. సర్పంచ్ అయ్యాక నన్నెవరైనా మెచ్చుకోవడం అదే మొదలు. కాదని చెప్పబుద్ధి కాలేదు. దిండుకి ఆనుకుని, వచ్చిన వాళ్ళందరికీ దణ్ణం పెట్టాను.