గుర్తులేదన్నాను

ఒక్క మాటను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నానేమో.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులవి. హైటెక్ సిటీలో ఒక కంపెనీకి హెచ్‌ఆర్ మేనేజర్‌ని. మాది గుంటూరు వైపు. బంద్ అంటే చాలు, కంపెనీ బస్సు తెల్లవారకముందే వెళ్లి ఉద్యోగుల్ని ఎక్కించుకొచ్చేది. ఏ దారిన పోవాలో చెప్పేది నేనే. బోరబండ వైపు వద్దన్నాను. రాళ్లు పడతాయని భయం. అక్కడ రాళ్లు పడ్డాయని నాకెవరూ చెప్పలేదు.

మంజులది బోరబండ. టెస్టింగ్ టీంలో అందరికంటే బాగా పనిచేసేది. మొదటి బంద్ రోజున ఫోన్ చేసింది, బస్సు రాలేదని. ఇంట్లోనే ఉండమ్మా, బంద్ ఉన్నప్పుడల్లా అంతే, నేను చూసుకుంటానన్నాను. నమ్మింది.

ఆ ఏడు టీం లీడ్ ప్రమోషన్ ఆమెకు రావాలి. మా వైపు కుర్రాడికి వచ్చింది. అతను బంద్ రోజుల్లోనూ వచ్చాడట, ఆమె రాలేదట. ఫిర్యాదు చేసింది. విచారించాల్సింది నేనే, చూడండి.

డైరెక్టర్ గదిలో కూర్చున్నాం. నేనున్నానన్న ధైర్యంతో ఉంది ఆమె. బస్సు అందరికీ పెట్టాం కదా అని ఆయన అడిగాడు. పెట్టాం సార్, అన్నాను.

ఆమె నావైపు తిరిగింది. "ఏంది సార్ గట్లంటరు? బస్సు మా దిక్కు రాలే. ఫోన్ చేస్తే మీరే గద ఇంట్లనే ఉండుమన్నరు?"

"నాకు గుర్తులేదమ్మా."

"జర యాది చేస్కోండ్రి సార్."

బల్లకేసి చూస్తూ కూర్చున్నాను. ఫిర్యాదు కొట్టేశారు.

ఎందుకలా అన్నాను? దారి మార్పించింది నేనని తెలిస్తే నా ఉద్యోగానికి ఎసరు పెడతారనా? లేక, క్యాంటీన్‌లో కూడా మీవాళ్లు మావాళ్లు అని వేర్వేరు బల్లల దగ్గర కూర్చునే ఆ రోజుల్లో, ఆ కుర్రాడు మనవాడేలే అని లోపల ఎక్కడో సంతోషించానా? రెండూను. రాయడానికే సిగ్గుగా ఉంది.

ఆమె మానేయలేదు. ఇంటి కిరాయి ఆమె జీతం మీదే. తను పని నేర్పిన ఆ కుర్రాడి కిందే పనిచేసింది. రాష్ట్రం వచ్చిన రోజు ఆఫీసంతా మిఠాయి పంచుతూ నా దగ్గరా ఆగింది. తీస్కోండ్రి సార్, అంది. అంతే. తీసుకున్నాను. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు.

ఇప్పుడెక్కడుందో తెలియదు. తెలిసినా క్షమించమని అడిగే మొహం నాకు లేదు. ఒక్కటి మాత్రం రాసేస్తాను. నాకు గుర్తుంది. అప్పుడూ గుర్తుంది. ఇంట్లోనే ఉండమన్నది నేనే.